రికవరీ ఫొటోలో లేని మనిషి

జిల్లా ఎడిషన్లలో తరచూ కనిపించే ఫొటో ఒకటుంది. పోలీసు కార్యాలయంలో పొడవాటి బల్ల, దాని మీద వరుసలుగా పేర్చిన సెల్‌ఫోన్లు, వెనక ఎస్పీ గారు, పక్కన పోయిన ఫోను చేతికందుకుంటూ నవ్వుతున్న గృహిణో, విద్యార్థో. కింద వార్త: ఇన్ని లక్షల విలువైన ఇన్ని ఫోన్లు రికవరీ. ఆంధ్రలో దీనికి 'మొబైల్ రికవరీ మేళా' అని పేరు కూడా పడింది. సంతోషించాల్సిన వార్తే. కాకపోతే ఆ బల్ల మీది ఫోన్లన్నీ మొన్నమొన్నటి దాకా ఎవరో ఒకరి జేబులో మోగుతూ ఉన్నవే. ఆ జేబు చాలాసార్లు దొంగది కాదు. ఏడు వేలో పన్నెండు వేలో పోసి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న డెలివరీ కుర్రాడిది, మేస్త్రీది, పాలిటెక్నిక్ చదివే పిల్లది. ఆ మనిషి ఫొటోలో ఉండడు. అతని డబ్బు ఏమైందో వార్తలోనూ ఉండదు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోన్ బ్లాక్ అయితే ఏం చేయాలన్న ప్రశ్నకు మన దగ్గర దొరికే జవాబులన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. పోలీసులు ఒకటి చెబుతారు, రిపేరు షాపువాడు ఇంకొకటి చెబుతాడు, యూట్యూబ్ వీడియోల సంగతి సరేసరి. వీటన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. ఫోన్ పోగొట్టుకున్నవాడి కోసం ఈ మూడేళ్లలో దేశం మంచి ఏర్పాటే చేసింది. తెలియక కొన్నవాడి కోసం చేసింది దాదాపు ఏమీ లేదు. దొంగ చేతి నుంచి చేతులు మారుతూ వచ్చిన నష్టమంతా చివరి చేతి దగ్గర ఆగుతోంది. సాధారణంగా ఆ గొలుసులో అందరికంటే తక్కువ తెలిసినవాడూ, తక్కువ ఉన్నవాడూ అతనే.

ముందు 'బ్లాక్' సంగతి తేల్చుకోవాలి. ఫోన్ పనిచేయకపోతే జనం బ్లాక్ అయిందనే అంటారు. కానీ నాలుగైదు వేర్వేరు రోగాలకు అదే పేరు. మందు మాత్రం దేనికదే. రోగం తెలియకుండా షాపుల చుట్టూ తిరిగితే ఫోన్ ఖరీదులో సగం తిరుగుడుకే అవుతుంది.

అసలైన బ్లాక్ నెట్‌వర్క్‌ది. ప్రతి ఫోనుకూ పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోనైతే అలాంటివి రెండు. మొదటి 8 అంకెలు కంపెనీనీ మోడల్‌నీ చెబుతాయి, తర్వాతి 6 ఆ ఫోను వరుస సంఖ్య, చివరిది లెక్క సరిచూసుకునే అంకె. సిమ్ వేసి ఫోన్ ఆన్ చేయగానే అది టవర్‌కు తన ఐఎంఈఐ చెప్పుకుంటుంది. నెట్‌వర్క్ ఆ నంబరును తన జాబితాలో చూసుకుంటుంది. అది నల్లజాబితాలో ఉంటే లోపలికి రానివ్వదు. సిమ్ మంచిదే, రీఛార్జి ఉంది, కానీ సిగ్నల్ రాదు. ఆ సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేస్తే హాయిగా పనిచేస్తుంది. రెండు మూడు కంపెనీల సిమ్‌లు వేసి చూసినా ఇదే జరిగితే అనుమానం బలపడినట్టే. రీసెట్ కొట్టినా, సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించినా లాభం లేదు. జాబితా ఉన్నది ఫోన్లో కాదు, నెట్‌వర్క్‌లో.

ఇక్కడే ఒక మోసం దాగి ఉంది. నెట్‌వర్క్ బ్లాక్ అయిన ఫోన్లో వైఫై దివ్యంగా నడుస్తుంది. అమ్మేవాడు తన ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి యూట్యూబ్ పెట్టి చూపిస్తాడు, కెమెరా చూపిస్తాడు, వాట్సాప్ కాల్ కూడా కలిపి చూపిస్తాడు. కొనేవాడు డిస్‌ప్లే మీద గీతలు చూస్తాడు, బ్యాటరీ శాతం అడుగుతాడు, ధర దగ్గర గీచి గీచి బేరమాడతాడు. తన సిమ్ తీసి అందులో వేసి ఒక మామూలు కాల్ చేయడం మాత్రం మర్చిపోతాడు. సిమ్ వేస్తానన్నప్పుడు అమ్మేవాడు సణిగితే ఆ బేరం అక్కడితో వదిలేయొచ్చు.

మిగతా లాకులు వేరే జాతి. గూగుల్ ఖాతా లాక్ 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది. పాత యజమాని తన ఖాతా తీసేయకుండా ఫోన్‌ను బలవంతంగా రీసెట్ చేస్తే, తిరిగి ఆన్ అయినప్పుడు ఆ పాత ఖాతా అడుగుతుంది. ఐఫోన్‌కు ఇలాంటిదే యాక్టివేషన్ లాక్, 2013లో ఐఓఎస్ 7తో మొదలైంది. దాని తాళం ఆపిల్ సర్వర్లలో ఉంటుంది. పాత యజమాని ఖాతా వివరాలో, మొదటి కొనుగోలు రుజువో లేకుండా అది ఊడదు. ఈ రెండు లాకులున్నంత మాత్రాన ఫోన్ దొంగదని కాదు. పాస్‌వర్డ్ మర్చిపోయిన పెద్దాయన తన సొంత ఫోన్‌నే అలా అమ్మేసి ఉండొచ్చు. అలాంటప్పుడు ఆయన్ని పట్టుకుంటే పది నిమిషాల్లో పని అవుతుంది. ఆయన దొరకని పక్షంలోనే అనుమానించాలి.

మూడోది వాయిదాల లాక్. ఫైనాన్స్‌లో ఫోన్ ఇచ్చేటప్పుడు కొన్ని సంస్థలు అందులో ఒక యాప్ పెడతాయి. కంతు కట్టకపోతే ఆ యాప్ ఫోన్‌ను మూసేసి బాకీ కట్టమంటుంది. రెండు కంతులు కట్టి, మూడో నెలలో ఫోన్ అమ్ముకుని నంబరు మార్చేసేవాళ్లుంటారు. కొన్నవాడికి నెలాఖరున ఆ తెర ప్రత్యక్షమవుతుంది. ఈ యాప్‌లు మామూలు రీసెట్‌కు పోవు. కొనేముందు సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ఉండే డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితా తెరిచి, తెలియని ఫైనాన్స్ యాప్ ఏదైనా కూర్చుందేమో చూడాలి. ఆఫీసులు ఉద్యోగులకిచ్చే ఫోన్లకూ దీని తమ్ముడి లాంటి లాక్ ఉంటుంది. ఉద్యోగం మానేసినవాడు తిరిగివ్వాల్సిన ఫోన్ ఇవ్వకుండా అమ్మేస్తే, రీసెట్ తర్వాత ఈ ఫోన్ ఫలానా సంస్థ నిర్వహణలో ఉందని తెర మీద పడుతుంది. ఐటీ కంపెనీలు కిక్కిరిసిన హైదరాబాద్‌లో ఇలాంటివి సంతకు రావడంలో వింత లేదు.

నాలుగోది మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలేది: అమెరికా లాక్. అక్కడి టెలికాం కంపెనీలు వాయిదాల మీద ఇచ్చే ఫోన్లు ఆ కంపెనీ సిమ్‌తోనే పనిచేసేలా లాక్ అయి ఉంటాయి. బాకీ తీరి, కంపెనీ షరతులు పూర్తయ్యాకే తీస్తారు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చిన బావగారు ప్రేమగా చేతిలో పెట్టిన పాత ఐఫోన్ గుంటూరులో జియో సిమ్‌ను ఒప్పుకోకపోతే కారణం చాలావరకు ఇదే. ఇందులో పోలీసులకు పనిలేదు, ఇక్కడి షాపువాడి వల్లా కాదు. ఆ ఫోన్ ఎవరి పేరున తీసుకున్నారో వాళ్లు అక్కడి కంపెనీని అడగాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ వరుసగా తెరిస్తే కిందన క్యారియర్ లాక్ అన్న చోట 'నో సిమ్ రెస్ట్రిక్షన్స్' అని ఉండాలి. విమానం ఎక్కక ముందే ఆ ఒక్క ముక్క చూడమని చెప్పడం మేలు. ఇంకొకటి: 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ పెట్టుకునే అరే లేదు, ఈ-సిమ్ మాత్రమే. అది లాక్ కాదు గానీ, తెలియనివాళ్లు దాన్నీ బ్లాకే అనుకుంటారు.

ఈ చిన్న లాకులు పక్కనపెట్టి మళ్లీ పెద్దదాని దగ్గరకు వద్దాం. బాధ ఎక్కువగా ఉన్నది అక్కడే.

ఐఎంఈఐ గొడవ మనకు కొత్త కాదు. ముంబయి దాడుల తర్వాతి ఏడాది, అంటే 2009 నవంబరు 30 తర్వాత, సరైన ఐఎంఈఐ లేని ఫోన్లకు నెట్‌వర్క్ ఆపేశారు. చైనా ఫోన్లు రాజ్యమేలుతున్న రోజులవి. నాలుగు స్పీకర్లతో ఊరంతా వినిపించే ఆ సెట్లలో చాలావాటికి నంబరు లేదు, లేదా అన్నీ సున్నాలే. అప్పుడు ప్రభుత్వ అనుమతితోనే 199 రూపాయలు తీసుకుని అలాంటి ఫోన్లకు అసలు నంబరు ఎక్కించే పథకం నడిచింది. ఫోనుకు మార్చలేని గుర్తు అని మనం నమ్మే ఆ నంబరును సాఫ్ట్‌వేర్‌తో రాయొచ్చన్న సంగతి దేశమంతటా షాపులకు తెలిసిన రోజులు కూడా అవే. తర్వాత దొంగలకు పనికొచ్చింది ఈ విద్యే. 2020లో మేరఠ్ పోలీసులు ఒక ఫోన్ కేసు తవ్వితే ఒకే ఐఎంఈఐ మీద 13 వేలకు పైగా ఫోన్లు నడుస్తున్నట్టు బయటపడింది. ఆ పదమూడు వేల మందిలో ఒకరి ఫోన్ పోయి, ఆ నంబరును బ్లాక్ చేయమని అర్జీ పెడితే మిగతా వాళ్ల గతేమిటి? బిల్లుతో సహా కొత్తగా కొన్నవాడైనా సరే, ఒక పొద్దున సిగ్నల్ లేకుండా లేస్తాడు.

ఇప్పటి ఏర్పాటు పేరు సీఈఐఆర్. పోయిన ఫోన్ల ఐఎంఈఐలకు దేశమంతటికీ ఒకే చిట్టా. అంతకుముందు ఏ టెలికాం కంపెనీకి ఆ కంపెనీ విడి జాబితా పెట్టుకునేది. ఒకచోట బ్లాక్ అయిన ఫోన్ ఇంకో కంపెనీ సిమ్‌తో మోగేది. ప్రభుత్వ సంస్థ సి-డాట్ తయారుచేసిన ఈ ఉమ్మడి చిట్టా 2019లో మహారాష్ట్రలో, తర్వాత ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. తెలంగాణ పోలీసులు 2023 ఏప్రిల్‌లోనే దాన్ని అందిపుచ్చుకున్నారు. మే నెలలో టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌తో పాటు దేశమంతటికీ వచ్చింది. ఫోన్ పోగొట్టుకున్నవాడు పోలీసు ఫిర్యాదు నంబరు, గుర్తింపు కార్డు, ఐఎంఈఐ, ఓటీపీ కోసం ఒక మొబైల్ నంబరు ఇస్తే ఇరవై నాలుగు గంటల్లో బ్లాక్ పడుతుంది. ఆ ఫోన్లో ఎవరైనా కొత్త సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది.

ఫలితాలు బాగున్నాయి, కాదనలేం. తెలంగాణలో 2024 జులై నాటికే ఆ ఏడాది లెక్క 20 వేల ఫోన్లు దాటింది. 2025 అక్టోబరులో దేశం మొత్తం మీద ఒక్క నెలలో 50 వేలకు పైగా తిరిగి దొరికాయని టెలికాం శాఖ ప్రకటించింది. మొత్తం మీద లక్ష దాటిన రాష్ట్రాలు అప్పటికి రెండే, కర్ణాటక, తెలంగాణ. ఆంధ్రలో అనంతపురం వంటి జిల్లాల పోలీసులు అంతకుముందే, 2022లోనే వాట్సాప్ చాట్‌బాట్ పెట్టి ఫిర్యాదులు తీసుకున్నారు. ఒకప్పుడు సెల్ పోయిందని స్టేషన్‌కు వెళితే 'పోయింది' అని రాయమని, 'ఎత్తుకుపోయారు' అని రాయొద్దని బతిమాలేవారు. ఆ రోజులతో పోలిస్తే ఇది ఎంతో దూరం.

కానీ ఈ విజయానికి నీడ లాంటి లెక్క ఒకటుంది. దొరికిన ప్రతి ఫోన్ దగ్గరా ఎవరో ఒకరు దాన్ని వదులుకున్నారు. వాళ్లలో దొంగలెందరు, దొంగసరుకని తెలిసీ కొన్నవాళ్లెందరు, అమాయకంగా కొన్నవాళ్లెందరు అన్న లెక్క ప్రెస్‌మీట్లలో వినిపించదు. ఆచరణలో జరిగేది ఇది: కొత్త సిమ్ వేసినవాడికి ఎక్కడి నుంచో కాల్ వస్తుంది. "నీ దగ్గరున్న ఫోన్ మా స్టేషన్ పరిధిలో పోయింది. తెచ్చివ్వు, లేదా కొరియర్ చెయ్." ఆదిలాబాద్ కుర్రాడికి నెల్లూరు నుంచి రావొచ్చు. భయంతో చాలామంది ఆ సాయంత్రమే పంపేస్తారు. రసీదు అడగరు. కొన్న షాపుకు వెళితే "మాకేం తెలుసు, మేమూ కొన్నదే కదా" అంటాడు. కథ అక్కడితో సరి.

ఆ కాల్ నిజమైన పోలీసుదేనా అన్నది ముందు చూసుకోవాల్సిన సంగతి. కేసు లేకుండా చేస్తాం, ఇంత పంపు అని అడిగితే అది మోసమే, అనుమానం అక్కర్లేదు. ఏ స్టేషనో పేరు అడిగి, ఆ స్టేషన్ నంబరు విడిగా కనుక్కుని తిరిగి చేయాలి. అంతకంటే మంచి దారి, దగ్గరలోని స్టేషన్‌కే వెళ్లి, ఫలానా కాల్ వచ్చింది, నా దగ్గర ఈ ఫోన్ ఉంది, ఇలా కొన్నాను అని కాగితం రాసి అప్పగించడం. తీసుకున్నట్టు ఐఎంఈఐ వేసి రాతపూర్వకంగా ఇమ్మనాలి. ఆ కాగితం లేకపోతే తర్వాత అమ్మినవాడి మీద ఒక్క రూపాయి రాబట్టడానికి ఆధారమే ఉండదు. అప్పగించేలోపు రీసెట్ కొట్టకూడదు, ఇంకొకరికి అమ్మకూడదు, పారేయకూడదు. ఈ మూడింటిలో ఏది చేసినా అప్పటిదాకా అమాయకుడైనవాడు ఆ క్షణం నుంచి అనుమానితుడు.

చట్టం ఏమంటుంది? రెండు వైపుల నుంచి చూడాలి. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే పుణ్యం దక్కుతుందేమో గానీ సొమ్ము మాత్రం అత్తదే. ఎంత మంచి మనసుతో, ఎంత న్యాయమైన ధరకు కొన్నా, దొంగిలించిన ఫోన్ అసలు యజమానికే చెందుతుంది. ఇంగ్లండులో దీనికి ఒక వింత మినహాయింపు ఉండేది. కొన్ని పాత సంతల్లో పగటివేళ బహిరంగంగా, మంచి విశ్వాసంతో కొన్న వస్తువు దొంగదైనా కొన్నవాడిదే అయ్యేది. 1995 జనవరిలో దాన్నీ ఎత్తేశారు. మన చట్టం దాన్ని మొదటి నుంచే దగ్గరకు రానివ్వలేదు. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో పట్టపగలు పదిమంది ముందు కొన్నానన్న వాదన ఇక్కడ నిలవదు.

క్రిమినల్ చట్టం మాత్రం అందరినీ ఒకే గాటన కట్టదు. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద దొంగసొత్తు దగ్గర ఉంచుకున్నందుకు మూడేళ్ల వరకు శిక్ష ఉంది. కానీ అది దొంగదని తెలిసో, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండో, దురుద్దేశంతో ఉంచుకున్నవాడికే. అంతా ఆ 'తగిన కారణం' దగ్గరే తిరుగుతుంది. నలభై వేల ఫోన్‌ను బిల్లు లేకుండా, బాక్స్ లేకుండా, ఆరు వేలకు బస్టాండులో కొన్నవాడు నాకేం తెలుసంటే ఎవరు నమ్ముతారు? అదే ఫోన్‌ను షాపులో, అందుకు తగ్గ ధరకు, యూపీఐలో డబ్బు కట్టి, చీటీ రాయించుకుని కొన్నవాడి పరిస్థితి వేరు. బిల్లు అడగడమంటే మొహమాటం మనకి. తెలిసినవాడి దగ్గర కొంటూ చీటీ అడిగితే ఏమనుకుంటాడో అని ఊరుకుంటాం. ఆ మొహమాటమే స్టేషన్లో మన మీదికి వస్తుంది.

ఇక డబ్బు సంగతి. అదే విక్రయ చట్టం 14వ సెక్షన్ ఏమంటుందంటే, అమ్మే ప్రతివాడూ ఈ వస్తువు అమ్మే హక్కు నాకుందని నోరు విప్పకుండానే హామీ ఇచ్చినట్టు. ఆ హామీ తప్పితే కొన్నవాడు మొత్తం సొమ్ము వెనక్కి అడగొచ్చు. 1923లో ఇంగ్లండు అప్పీలు కోర్టు ఒక దొంగ కారు కేసులో, కొన్నవాడు దాన్ని కొన్నాళ్లు వాడుకున్నా సరే, పూర్తి ధర తిరిగివ్వాలని తీర్పు చెప్పింది. మన లా కాలేజీల్లో ఈనాటికీ చెప్పే కేసు అది. కాబట్టి 'మేమూ కొన్నదే కదా' అన్న షాపువాడి మాట చట్టంలో చెల్లదు. అతను తనకు అమ్మినవాడి మీద పడాలి, ఆ అమ్మినవాడు ఇంకొకడి మీద, అలా దొంగ దాకా. షాపులో కొన్నట్టయితే వినియోగదారుల చట్టం కూడా ఉంది. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. పక్కింటివాడి దగ్గరో, ఆన్‌లైన్ ప్రకటన చూసి ఒక వ్యక్తి దగ్గరో కొంటే ఈ దారి మూసుకుపోతుంది. ఆయన వ్యాపారి కాడు. అప్పుడు మిగిలేది మోసం చేశాడని పోలీసు ఫిర్యాదు, లేదా సివిల్ దావా. ఎనిమిది వేల ఫోన్ కోసం సివిల్ దావా వేసేవాణ్ణి నేనైతే చూడలేదు. హక్కు ఉండటం వేరు, అందడం వేరు. షాపులో కొన్నదైతే మాత్రం షాపువాణ్ణి ఒక వకీలు నోటీసు దాకా లాగితే చాలాసార్లు సగమైనా రాలుతుందని కోర్టుల దగ్గర తిరిగేవాళ్లు చెబుతారు.

రిపేరు షాపు ఇచ్చే సలహా మరోలా ఉంటుంది. "వెయ్యి ఇవ్వండి, నంబరు మార్చేస్తా." ఇది వినగానే లేచి వచ్చేయాలి. టెలికమ్యూనికేషన్ల చట్టం 2023, 42వ సెక్షన్ ప్రకారం ఐఎంఈఐ లాంటి గుర్తింపు సంఖ్యలను తారుమారు చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. నంబరు మార్చారని తెలిసి అలాంటి ఫోన్ దగ్గర ఉంచుకున్నా నేరమే. సొమ్ము పోయినవాడు ఆ సొమ్మును కాపాడుకోబోయి నిందితుడయ్యే దారి ఇది. ఇంకో విషయం కూడా ఉంది. మార్చి వేసే నంబరు గాలిలోంచి రాదు. అది ఇంకొకడి ఫోన్‌దే అవుతుంది, వాడికి మేరఠ్ వాళ్ల కష్టమే వస్తుంది.

మరి తప్పు ఎవరిదీ కాకుండా బ్లాక్ పడితే? అలాంటివీ ఉన్నాయి. ఫోన్ పోయిందని బ్లాక్ చేయించి, మంచం కిందో ఆటోవాడి దగ్గరో దొరికాక బ్లాక్ తీయించకుండా కొన్నాళ్లకు అమ్మేసినవాళ్లుంటారు. ఇలాంటప్పుడు తీయించే మార్గం పోర్టల్‌లోనే ఉంది. కాకపోతే దానికి బ్లాక్ చేసినప్పుడు వచ్చిన రిక్వెస్ట్ ఐడీ కావాలి. అది అర్జీ పెట్టినవాడి దగ్గరే ఉంటుంది. కొన్నవాడు తన పేరున ఎంత మొత్తుకున్నా తలుపు తెరుచుకోదు. ఇంకో రకం, సైబర్ మోసాల్లో వాడిన ఫోన్లు. 2024 మేలో 28,200 ఫోన్లను దేశమంతా బ్లాక్ చేయమని టెలికాం శాఖ ఆదేశించింది. మోసగాడు పని ముగించుకుని ఫోన్ సంతలో వదిలిపోతే, దాన్ని కొన్నవాడి చేతిలో మిగిలేది గాజుపలక. అది దొంగిలించిన ఫోన్ కూడా కాదు, దానికి అసలు యజమాని ఎవరూ ముందుకు రారు.

కొనేముందు చూసుకోవడం గురించి అందరూ చెప్పేది నిజమే, ఒక నిమిషం పని. *#06# కొడితే ఐఎంఈఐలు కనిపిస్తాయి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ పదిహేను అంకెలు వేసి 14422కు ఎస్ఎంఎస్ పంపాలి. సంచార్ సాథీ పోర్టల్‌లోనూ, 2025 జనవరిలో వచ్చిన యాప్‌లోనూ ఇదే చేయొచ్చు. బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్, ఆల్రెడీ ఇన్ యూజ్ అని వస్తే కొనవద్దన్నది అధికారిక సలహా. రెండు నంబర్లుంటే రెండూ చూడాలి. జవాబులో కంపెనీ, మోడల్ కూడా వస్తాయి. చేతిలో ఉన్నది రెడ్‌మీ, జవాబులో వచ్చింది వివో అయితే ఆ నంబరును ఎవరో రాశారన్నమాట. బాక్స్ మీది నంబరు, బిల్లు మీది నంబరు, తెర మీది నంబరు మూడూ ఒకటి కావాలి. ఖాళీ బాక్సులు కూడా విడిగా దొరుకుతాయి కాబట్టి బాక్స్ ఉందని తృప్తిపడకూడదు, అంకెలు చదవాలి.

ఎవరూ గట్టిగా చెప్పనిది మాత్రం ఇంకొకటి. ఈ పరీక్ష చెప్పేది ఈ క్షణం సంగతే. ఫోన్ పోగొట్టుకున్నవాడు ముందు అదే నంబరు మీద కొత్త సిమ్ తీసుకోవాలి, స్టేషన్‌కు వెళ్లాలి, ఐఎంఈఐ కోసం పాత బిల్లు వెతకాలి. ఊళ్లో ఉండేవాడికి వారం పట్టొచ్చు. దొంగకు అంత ఓపిక ఉండదు, మర్నాడే అమ్మేస్తాడు. అంటే దొంగ ఫోన్ సంతకు వచ్చే రోజుల్లోనే ఆ పరీక్షలో అది శుభ్రంగా కనిపిస్తుంది. పదో రోజున సిగ్నల్ పోతుంది. అందుకే ఎస్ఎంఎస్ చూసి నిశ్చింతగా ఉండేవాళ్ల కంటే, నెల లోపు బ్లాక్ పడితే సొమ్ము వాపసు ఇస్తానని ఐఎంఈఐ వేసి షాపువాడి చేత రాయించుకున్నవాళ్లే తెలివైనవాళ్లు. అలా రాయడానికి ఒప్పుకోని షాపు దగ్గర ఐదొందలు తక్కువకు వచ్చినా కొనక్కర్లేదు. వ్యక్తి దగ్గర కొంటే ఆధార్ నకలు, అసలు బిల్లు, యూపీఐ చెల్లింపు. ఇంత చేస్తే దొంగసరుకు అమ్మేవాడు చాలావరకు తనంతట తానే పక్కకు తప్పుకుంటాడు.

వ్యాపారం వైపు నుంచీ చూడాలి. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో కూర్చునే చిన్న దుకాణదారులందరినీ దొంగల చుట్టాలనడం అన్యాయం. ఎక్స్ఛేంజిలో వచ్చినవి, పాత స్టాకు, నిజంగా అవసరం కొద్దీ అమ్ముకున్నవి, వీటి మీదే వాళ్ల బతుకు. కొత్త ఫోన్ కొనలేని లక్షల మందికి ఆ గల్లీలే దిక్కు. కానీ ఆ వీధుల్లోకి దొంగసరుకు వచ్చి కలిసే కాలువలూ ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ టాస్క్‌ఫోర్స్ పట్టుకున్న ముఠా దగ్గర 700కు పైగా ఫోన్లు దొరికాయి. వాటిని సూడాన్‌కు పంపుతున్నారని తేలింది. మన చిట్టా మన సరిహద్దు దాకానే పనిచేస్తుందని వాళ్లకు బాగా తెలుసు. దేశంలో బ్లాక్ బిగిసిన కొద్దీ ఖరీదైన ఫోన్లు సముద్రం దాటుతున్నాయి, లేదా డిస్‌ప్లే, కెమెరా, బ్యాటరీలుగా విడిపోయి రిపేరు బల్లల మీదికి చేరుతున్నాయి. మిగిలిన ఏడెనిమిది వేల రూపాయల ఫోన్లు ఇక్కడి కొనుగోలుదారుకు దక్కుతున్నాయి.

ప్రభుత్వం ఈ వైపు తొలి అడుగు వేసింది 2025 అక్టోబరు 22న. టెలికాం సైబర్ భద్రత నియమాలను సవరిస్తూ, పాత ఫోన్లు కొని అమ్మేవాళ్లు బేరం చేసేముందు ఐఎంఈఐని కేంద్ర జాబితాలో సరిచూసి తీరాలన్నారు. తారుమారైనవి, నిషేధించినవి అమ్మకూడదు. సరైన చోట చెయ్యి పెట్టారనిపిస్తుంది నాకు. కొనేవాడు జీవితంలో రెండు మూడుసార్లు కొంటాడు, షాపువాడు రోజుకు పది కొంటాడు. తెలుసుకునే బాధ్యత రోజూ చేసేవాడిదే కావాలి. విచిత్రమేమిటంటే ఈ నియమం గురించి పెద్దగా చర్చే జరగలేదు. ఆరు వారాలు తిరక్కుండానే, కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఇవ్వాలన్న ఆదేశం బయటికొచ్చింది. ప్రభుత్వం మన ఫోన్లోకి తొంగిచూస్తుందా అని దేశమంతా గోల, డిసెంబరు 3న దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ గోల న్యాయమైనదే. కాకపోతే ఆ దుమ్ములో పాత ఫోన్ల నియమం ఎవరికీ కనిపించకుండా పోయింది. సందు చివరి రిపేరు షాపుకు ఆ నియమం ఉన్న సంగతి చేరేదెప్పుడు, చేరినా పాటించకపోతే అడిగేదెవరు అన్నవి ఇంకా ప్రశ్నలే.

నియమం అమలైనా తెలియక కొన్నవాడి సొమ్ము మాట మిగిలే ఉంటుంది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. స్టేషన్‌లో ఫోన్ అప్పగించినప్పుడు కొన్నవాడి దగ్గర వాంగ్మూలం తీసుకుని, అమ్మినవాడి పేరు, యూపీఐ వివరం రాసి, ఒక నకలు అతనికిచ్చి, అమ్మినవాణ్ణి పిలిపిస్తే చాలు. దొంగ దాకా వెళ్లే దారి కూడా అదే. ఫోన్ దొరకగానే ఫైలు మూసేస్తే ఆ దారి అక్కడే తెగిపోతుంది, అదే దొంగ వచ్చే వారం ఇంకో బస్సెక్కుతాడు. పోర్టల్‌లో ఇప్పుడు బ్లాక్ చేయడానికి, బ్లాక్ తీయడానికి, అర్జీ స్థితి చూడడానికి మీటలున్నాయి. 'ఈ ఫోన్ నేను ఫలానావాడి దగ్గర కొన్నాను' అని కొన్నవాడు నమోదు చేసుకునే మీట ఒకటి వాటి పక్కన పెడితే, కొన్న రోజునే అమ్మినవాడి పేరు చిట్టాకెక్కుతుంది.